విద్యార్థి ముద్ర

నలభై ఆరో ఏట మనుషులకు చత్వారం వస్తుంది, షుగరొస్తుంది, అవేవీ రాకపోతే కనీసం చిరాకైనా వస్తుంది. ట్రేసింగు గదిలో కిటికీ పక్క బల్ల మీద పనిచేసే మనిషికి మాత్రం చదువొచ్చింది. పూర్తిగా రాలేదు, వస్తోంది. సాయంత్రం కాలేజీలో కంప్యూటరు డ్రాయింగు కోర్సు. చివరి పరీక్ష ఈ గురువారం. ఆ కోర్సులో చేరిన రోజే ఆఫీసులో అతని అసలు పేరు ఊడిపోయి, 'స్టూడెంటు' అని కొత్తది అతుక్కుంది. అతనికి కోపం రాలేదు. గీతలు గీసి బతికేవాడికి తలగీత మీద కోపం తెచ్చుకునే తీరిక ఎక్కడిది?

కోపానికి తీరిక లేదు గానీ భయానికి ఉంది. నెలాఖరుకి ట్రేసింగు గది మూసేస్తున్నారు. సిరాతో, చేత్తో గీసే పని ఇక ఉండదు. కంప్యూటరు సర్టిఫికెట్టు తెస్తే పక్క హాల్లో డ్రాఫ్ట్స్‌మన్ కుర్చీ, తేకపోతే గేటవతల రోడ్డు. ఈ మాట పెద్దసారు నవ్వుతూ చెప్పాడు. పెద్దసారు ఏదైనా నవ్వుతూనే చెబుతాడు. పళ్ళు అంత బాగుంటాయి.

సోమవారం పొద్దున్న హాలు మధ్యలో ప్లాటరు సర్రుసర్రుమంటూ షీట్లు కక్కుతోంది. ప్లాటరంటే మంచమంత ప్రింటరు. పనిచేసేటప్పుడు మంచం చేసే చప్పుళ్ళన్నీ చేస్తుంది. ఒక ఆస్పత్రి భవనం నక్షాలు, మొత్తం యాభై రెండు షీట్లు, శుక్రవారం మధ్యాహ్నంలోగా టెండరుకి వెళ్ళాలి. పాలలా తెల్లగా ఉండే ట్రేసింగు ఫిల్ము మీద ఒక ప్రతి, అవే నక్షాలు డిస్కులో ఇంకో ప్రతి. టెండరువాళ్ళు డిస్కులోంచి ప్రింటు తీసి, షీటు పక్కన పెట్టి, వెంట్రుకంత తేడా ఉన్నా తిప్పి పంపేస్తారు.

హాలుకి హెడ్డు ఒకడున్నాడు. ముప్పై రెండేళ్ళవాడు. హెడ్డు డ్రాఫ్ట్స్‌మన్ కాబట్టి హెడ్డు; అంతకుమించి ఆ పేరుకి వేరే ఆధారం కనబడదు. వాడు మొదటి షీటు రెండు చేతులా ఎత్తి ట్యూబులైటుకి అడ్డంగా పట్టుకున్నాడు. అలాగే ఉండిపోయాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"బాబాయ్! ఓ స్టూడెంటు బాబాయ్! ఇట్రా. నీ సర్టిఫికెట్టొచ్చేసింది. ఒకటి కాదు, కట్టకట్టి పంపారు!"

స్టూడెంటు వెళ్ళి చూశాడు. షీటుకి నాలుగు అంచుల్లోనూ, నాలుగు వైపులా, నల్లటి అక్షరాల్లో ఒకటే మాట: 'విద్యార్థి ప్రతితో తయారైనది. నేర్చుకోవడానికి మాత్రమే.'

హాలంతా నవ్వింది. స్టూడెంటు నవ్వలేదు. ఆ మాట అతనికి తెలుసు. ఆ మాట ఎందుకొస్తుందో ఆ హాల్లో తెలిసింది అతనొక్కడికే.

డ్రాయింగు సాఫ్ట్‌వేరు ఆఫీసులకు ఒక ధర, విద్యార్థులకు అందులో పదో వంతు. కాలేజీ కార్డు చూపించి అతను పదో వంతుకి కొనుక్కున్నాడు. సరుకు అదే, షరతు వేరు. నేర్చుకో, గీసుకో, పరీక్ష రాసుకో. దాంతో గీసింది తెచ్చి ఆఫీసు పనిలో కలిపావంటే మాత్రం అది ఒంటి మీద పచ్చబొట్టు పొడిచేసుకుని వస్తుంది. ఈ షరతులన్నీ ముప్పై రెండు పేజీల ఒప్పందంలో ఉన్నాయి. 'అంగీకరిస్తున్నాను' అన్న గడి నొక్కేముందు ఆ ముప్పై రెండు పేజీలూ చదివిన మనిషి భూమ్మీద అతనొక్కడే అయ్యుంటాడు. మూడు ఉదయాలు, పదో తరగతి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని చదివాడు. "నన్ను చూసుకోడానికొచ్చినప్పుడు మూడు నిమిషాల్లో సరేనన్నారు. దీనికి మూడు రోజులా?" అంది భార్య. "అందులో షరతులు రాసి లేవు కదే" అన్నాడు. ఆ మాటకి ఆ పూట కాఫీ అందలేదు.

మిగతా షీట్లు తీసుకెళ్ళి తన అద్దం బల్ల మీద పరిచాడు. బల్ల కింద దీపం వెలుగుతుంది. మీద ఏం పెట్టినా లోపలి గీతతో సహా కనబడుతుంది. ముద్ర పడ్డవి కుడివైపు, పడనివి ఎడమవైపు. లెక్క తేలింది. నలభై ఇటు, పన్నెండు అటు. ఆ పన్నెండూ ఏమిటని చూశాడు: ప్రహరీ గోడ, మురుగు కాలవ, గేటు, నీళ్ళ ట్యాంకు. ఈ నలభైలో ఉన్నదీ, ఆ పన్నెండులో లేనిదీ ఒకటే. మెట్లు.

భూతద్దం తీసి మెట్ల మీద పెట్టాడు. దిగేటప్పుడు పట్టుకునే చేతిపట్టె చివర, కింది మెట్టు దగ్గర, నత్తగుల్లలా చిన్న చుట్ట ఉంది. అలా చుట్టేవాడు ఈ ఆఫీసులో ఒకడే. ఇరవై రెండేళ్ళుగా ఏ మెట్లు గీసినా పట్టె చివర నత్త చుట్టకపోతే అతని చెయ్యి ఊరుకోదు. ఇవి అతని మెట్లే. కాలేజీ పరీక్ష కోసం, ఇంట్లో, విద్యార్థి ప్రతితో గీసినవి.

మూడు వారాల కిందట హెడ్డు కుర్చీ జరుపుకుని పక్కకొచ్చి, "నీ హోంవర్కు చూపించు బాబాయ్, మేమూ నేర్చుకుంటాం" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో అతని పనిని చూపించమని అడిగినవాడు లేడు. మురిసిపోయి పెన్‌డ్రైవు ఇచ్చాడు. ట్రేసింగు గది అలవాటు ఒకటుంది: ఎవడైనా మంచి బొమ్మ గీస్తే దాన్ని ఉమ్మడి సొరుగులో వేస్తారు, కావలసినవాడు తీసి దాని మీద పెట్టి గీసుకుంటాడు. ఆ అలవాటే కొంప ముంచింది. సొరుగులో కాగితానికి షరతులుండవు.

లేచి హెడ్డు దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి చెప్పాడు. "హెడ్డుగారూ, మీరు నా మెట్లు తీసి ఇందులో పెట్టారు కదండీ. ముద్ర వాటితో వచ్చింది."

హెడ్డు నవ్వు సగంలో ఆగింది. అటూ ఇటూ చూశాడు. "మెల్లగా బాబాయ్. మెట్లతో వస్తే మెట్లతో పోతుంది, అంతేగా?" గబగబా ఒక నక్షాలో మెట్లు చెరిపేసి ప్రింటిచ్చాడు. ప్లాటరు మూలిగింది. షీటొచ్చింది. మెట్లు లేవు. ముద్ర నాలుగు వైపులా నవ్వుతూ ఉంది.

"పధ్నాలుగో పేజీలో ఉందండీ" అన్నాడు స్టూడెంటు. "అది మెట్లలో ఉండదు, ఫైల్లోకి ఎక్కేస్తుంది. మెట్లు పీకేసినా దిగదు."

"మెట్లెక్కినదాన్ని, మెట్లు పీకేసి దిగమంటే ఎలా దిగుతుందిలే" అన్నాడు హెడ్డు. తన హాస్యానికి తనే నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు. నలభై నక్షాలూ మొదటి గీత నుంచి కొత్తగా గీయాలంటే నెల పని. చేతిలో ఉన్నది నాలుగు రోజులు.

మంగళవారం పెద్దసారు గదిలోకి పిలుపొచ్చింది. లోపల హెడ్డు నిలబడి ఉన్నాడు. సోఫాలో సాఫ్ట్‌వేరు అమ్మే డీలరున్నాడు. పేరులో డీలా ఉంది గానీ మనిషిలో లేదు. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ మాట. ఆఫీసుకి పన్నెండు సీట్లు, అంటే పన్నెండు కంప్యూటర్లకు పూర్తి ధర లైసెన్సు, అతనే అమ్మాడు.

"విషయం చిన్నదే సార్" అన్నాడు డీలరు పెద్దసారుతో. "విద్యార్థి ప్రతిని ఆఫీసే తెలిసి వాడుకుందనుకోండి, జరిమానా. పన్నెండు సీట్లూ ఆపేస్తాం. టెండరువాళ్ళకి కూడా ఒక ముక్క రాయాల్సొస్తుంది. అలా కాకుండా ఎవరో ఒక్క మనిషి, ఎవరికీ చెప్పకుండా, తనంతట తను చేశాడనుకోండి, ఆ మనిషితోనే సరి. అదీ ఇప్పటిదాకా జరిగినదానికి. రేపట్నుంచి ముద్రున్నదేదైనా మీ గేటు దాటిందంటే నేనేం చేయలేను. అప్పుడు మనిషి అనే మాటే ఉండదు, ఆఫీసే."

గదిలో అందరూ ఒక్క మనిషి వైపు చూశారు.

"నేను చేయలేదు సార్" అన్నాడు స్టూడెంటు. "హెడ్డుగారు పెన్‌డ్రైవు అడిగారు. చూస్తానన్నారు."

"నేనా?" అన్నాడు హెడ్డు. "నాకు గుర్తులేదు బాబాయ్. నువ్వే ముచ్చటపడి పెట్టుంటావు. పెద్దవాడివి, మర్చిపోయుంటావు."

పెద్దసారు నవ్వాడు. "ఎవరు చేశారన్నది కాదయ్యా. పన్నెండు సీట్లంటే పన్నెండు కుటుంబాలు. పదమూడో సీటు నీదని ఎప్పుడో అనుకున్నాను. ఆ సీటుండాలంటే ముందు ఈ పన్నెండూ ఉండాలిగా? ఓ కాగితం రాసిచ్చెయ్. మన బీరువాలో పడుంటుంది."

"కాలేజీకి వెళ్ళదు కదండీ? ఎల్లుండి నా పరీక్ష."

"బీరువాకి కాళ్ళుంటాయా?" అన్నాడు పెద్దసారు. హెడ్డు నవ్వాడు. డీలరు నవ్వలేదు, గోళ్ళు చూసుకున్నాడు.

టైపు చేయిస్తామన్నాడు హెడ్డు. పెద్దసారు వద్దన్నాడు. "చేత్తో రాయనీ. ఆ అక్షరాలు చూసే కదా ఇతన్ని తీసుకుంది."

స్టూడెంటు కూర్చుని రాశాడు. నక్షాల మీద పేర్లు రాసిన చెయ్యి. గీతలు లేకుండానే గీసినట్టు వరస, అక్షరానికీ అక్షరానికీ గింజంత ఎడం. 'నేను విద్యార్థిగా పొందిన ప్రతిని ఎవరికీ తెలియకుండా ఆఫీసు పనికి వాడాను.' రాస్తూ ఒకచోట సున్నా కొంచెం వంకరొచ్చిందని ఆగి, బ్లేడుతో గీకి, మళ్ళీ గుండ్రంగా చుట్టాడు. తన మీద తను రాసుకున్న నేరంలో కూడా అచ్చుతప్పు ఓర్చుకోలేని మనిషి! సంతకం పెట్టాడు. డీలరు ఆ కాగితాన్ని చక్కగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బీరువా గదిలో రెండో పక్క ఉంది. స్టూడెంటు బీరువా వైపు చూశాడు, జేబు వైపు చూశాడు. పెద్దసారు ఫోనెత్తాడు. అంటే వెళ్ళమని.

గుమ్మం దగ్గర వెనక్కి పిలిచాడు. "అన్నట్టు, ఫిల్ము మీద పడ్డ సిరాని ఆనవాలు లేకుండా గీకడం నీకు వచ్చుగా? నలభై షీట్లు. బుధ, గురు. నెల పని రెండు రోజుల్లో అయిపోతుంది."

ఇరవై రెండేళ్ళు గీసినవాడు రెండు రోజులు గీకడానికి కూర్చున్నాడు.

ఫిల్ము మీద సిరా గీకడం గడ్డం గీసుకోవడం లాంటిది కాదు. గడ్డం తెగితే మానుతుంది. బ్లేడుని నిలువునా రెండు ముక్కలుగా విరిచి, సగాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంచెం వంచి పట్టుకోవాలి. అంచు కాదు, వంపు తగలాలి. ఒకే దిక్కుకి, ఈకతో తుడిచినంత తేలిగ్గా లాగాలి. గట్టిగా లాగితే ఫిల్ము లేస్తుంది, లేచినచోట మచ్చ. ఊదకూడదు, ఊపిరి తడికి సిరా పులుముతుంది. పొడిని కుంచెతో పక్కకి తోయాలి. తర్వాత మెత్తటి రబ్బరు, తర్వాత గోటి వెనకవైపుతో నునుపు. అప్పుడు దీపం వేసి చూసుకోవాలి. షీటుకి నాలుగు అంచులు. నలభై షీట్లకు నూట అరవై. ఒక్కొక్కసారీ ముందు తెగేది ఒకటే మాట, 'విద్యార్థి'. మొదట వి మీద గుడి, తర్వాత వ.

హాలువాళ్ళు టీ గ్లాసుతో వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. "స్టూడెంటే స్టూడెంటుని గీకేస్తున్నాడ్రోయ్" అన్నాడొకడు. "చదువు చెరిగిపోతోంది బాబాయ్, జాగ్రత్త" అన్నాడింకొకడు. స్టూడెంటు తలెత్తలేదు. తలెత్తితే బ్లేడు దిక్కు మారుతుంది.

బుధవారం మధ్యాహ్నం హెడ్డు వచ్చి వంగి చూస్తుంటే మాత్రం అన్నాడు. "హెడ్డుగారూ, షీట్ల మీద నేను తీసేస్తాను. డిస్కులో ఫైళ్ళున్నాయి కదండీ. వాటి సంగతి పదిహేనో పేజీలో..."

"ఇంకొక్క పేజీ నంబరు చెప్పావంటే ఆ బ్లేడిటివ్వు, నా చెవులు గీక్కుంటాను" అన్నాడు హెడ్డు. "చదివి చదివే మనిద్దర్నీ ఇంత దూరం తెచ్చావు. చదవకు. గీకు."

వెనకనుంచి పెద్దసారు వెళుతూ ఆ మాట విన్నాడు. నవ్వాడు. స్టూడెంటు బ్లేడుని మళ్ళీ షీటుకి ఆనించాడు. పదిహేనో పేజీ మాట మళ్ళీ ఎత్తలేదు.

గురువారం సాయంత్రం ఐదింటికి నలభయ్యో షీటు నాలుగో అంచు తుడిచి, కుర్చీ మీద నుంచి లేస్తే నడుం లేవలేదు. రెండు చేతులా బల్ల పట్టుకుని నిటారై, గోళ్ళలో నల్లటి పొడితోనే కాలేజీకి పరిగెత్తాడు.

పరీక్ష సులువే. ఏడాదంతా గీసిన నక్షాని కాలేజీ కంప్యూటర్లో తెరిచి మేష్టారికి చూపించి, అడిగిందానికి చెప్పడం. మేష్టారు హెడ్డు కంటే చిన్నవాడు, మంచివాడు. స్టూడెంటు తన నంబరు కొట్టాడు. తెర మీద మెట్లు రావాలి. మాట వచ్చింది: 'మీ విద్యార్థి ప్రతి రద్దయింది.'

మళ్ళీ కొట్టాడు. వేలు జారిందేమో అని మూడోసారి ఒక్కొక్క అంకె పైకి చదువుతూ కొట్టాడు. వెనక వరసలో ఇరవై ఏళ్ళ పిల్లలు తలలు తిప్పారు.

మేష్టారు తన ఫోన్లో ఏదో వెతికి అతని ముందు పెట్టాడు. ఉత్తరం ఫోటో. సున్నాలు గుండ్రంగా, అక్షరాలు వరసగా. "పొద్దున్న కాలేజీకి వచ్చిందండీ. చేతిరాత చూసి ముచ్చటేసింది, తర్వాత చదివాను. ఇదెందుకు రాశారు మీరు?"

స్టూడెంటు కీబోర్డుని పక్కకి నెట్టాడు. "కాగితమివ్వండి సార్" అన్నాడు. "ఒక్క గంట. ఆ మెట్లే, ఒక్క కొలత తప్పకుండా, ఇక్కడే మీ ముందు చేత్తో గీసిస్తాను."

మేష్టారు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "గీస్తారండీ, నాకు తెలుసు. కానీ చెయ్యి మా సిలబస్‌లో లేదు. వచ్చే ఏడు మళ్ళీ కట్టండి. అప్పటికి వాళ్ళు మీకు మళ్ళీ అమ్ముతారో లేదో కనుక్కుని కట్టండి."

ఇంట్లో కూతురు గుమ్మంలోనే ఎదురొచ్చింది. "నాన్నా, పాసా?" అతను చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు. సబ్బు రెండుసార్లు రాశాడు. గోళ్ళలో నలుపు పోలేదు. భార్య తువ్వాలు ఇస్తూ మొహం చూసి, కాఫీ పెట్టడానికి వెళ్ళింది.

శుక్రవారం పదింటికి పెద్దసారు షీట్లన్నీ దీపం మీద పెట్టించి చూశాడు. ఎక్కడా మచ్చ లేదు. "శభాష్" అన్నాడు. తర్వాత నవ్వుతూనే, "పరీక్ష ఏమైంది?" అన్నాడు.

"కాగితం నడిచి వెళ్ళింది సార్" అన్నాడు స్టూడెంటు.

"అయ్యో." ఆ అయ్యోకి కూడా పళ్ళు కనబడ్డాయి. "సర్టిఫికెట్టు లేకుండా డ్రాఫ్ట్స్‌మన్ కుర్చీ అంటే మిగతావాళ్ళు ఊరుకోరు కదయ్యా. గదికి నెలాఖరు నెలాఖరే. నువ్వేం దిగులు పడకు. ఎక్కడైనా గీకే పనుంటే నీకే చెప్తాను."

పదకొండున్నరకి హెడ్డు డిస్కు పట్టుకుని ట్రేసింగు గదిలోకి వచ్చాడు. ఆ గదిలోకి వాడు ఏదీ అడగడానికి రాడు, ఇప్పుడు అడగడానికొచ్చాడు. చొక్కా చంకల దగ్గర తడిసింది. యాభై రెండు షీట్లూ అచ్చు వేయించడంలో ప్లాటరు సిరా ఖాళీ అయింది. కొత్త సిరా సోమవారానికి గానీ రాదు, ఒక్క ప్రింటు తీసి చూసుకునే దారి కూడా లేదు.

"బాబాయ్, ఫైళ్ళన్నీ పాత రకంలోకి మార్చేశాను. ఫోన్లో ఒకడు చెప్పాడు, అలా మారిస్తే ముద్ర రాలిపోతుందట. తెర మీద చూశాను, ఎక్కడా లేదు. పోయినట్టేగా? నువ్వొక్కడివే కదా అదంతా చదివింది."

పదిహేనో పేజీ, రెండో పేరా. కూతురు దాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కాక, రెండోసారి అర్థమై. ముద్ర తెర మీద ఎప్పుడూ కనబడదు. కాగితం మీదికి వచ్చినప్పుడే లేస్తుంది. ఏ రకంలోకి మార్చినా, ఎవరి చేతికి వెళ్ళినా, ఏ యంత్రంలో అచ్చేసినా దాని వెంటే ఉంటుంది.

స్టూడెంటు బల్ల మీద పొడి కుంచెతో ఒక దగ్గరికి తోస్తున్నాడు. కుంచె ఆపలేదు.

"తెర మీద లేదా అండీ?"

"లేదు. నువ్వే వచ్చి చూసుకో."

"మీరు చూశాక నేను చూసేదేముందండీ" అన్నాడు. "హెడ్డుగారు పోయిందంటే పోయినట్టే."

హెడ్డు గట్టిగా ఊపిరి వదిలాడు. పొడి కొంచెం లేచింది. "బతికించావు బాబాయ్. దీనికి పేరు రాసివ్వు. నీ అక్షరాలైతే గంభీరంగా ఉంటుంది."

స్టూడెంటు సన్నపాళీ తీశాడు. సిరా ముంచి, సీసా అంచుకి విదిలించి, డిస్కు మీద అంటించే చీటీ మీద రాశాడు: ఆస్పత్రి భవనం పేరు, షీట్ల సంఖ్య, ఆఫీసు పేరు. గింజంత ఎడం ఎక్కడా తప్పలేదు. రాసి, ఆరేదాకా ఆగాడు. ఈసారి తొందర లేదు.

"గడులన్నీ నింపారా అండీ, షీట్ల మీద?" అని అడిగాడు చీటీ అంటిస్తూ.

"పొద్దున్నే అయిపోయింది. ఎందుకు?"

"ఊరికే."

బంట్రోతు షీట్ల చుట్టా, డిస్కూ చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. కిటికీలోంచి స్టూడెంటుకి వాడు గేటు దాటడం కనిపించింది. గేటు మూసుకుంది. అతను బల్ల మీది నల్లటి పొడిని ఒక కాగితంలోకి ఎత్తి మడతపెట్టాడు. నూట అరవై సార్లు చెరిపినా మొత్తం కలిపి చెంచాడైనా కాలేదు.

ప్రతి షీటు కిందా కుడి మూల మూడు గడులుంటాయి. 'గీసినవారు' దగ్గర హెడ్డు సంతకం. 'సరిచూసినవారు' దగ్గరా హెడ్డు సంతకమే. 'ఆమోదించినవారు' దగ్గర పెద్దసారు సంతకం, పళ్ళ వరసలా. అతని పేరు ఎక్కడా లేదు. ఇరవై రెండేళ్ళుగా ఏ షీటు మీదా లేదు. ఆ సంగతి గుర్తొచ్చి కడుపులో హాయిగా అనిపించడం మాత్రం ఇదే మొదలు.